శ్రుతి అందకముందే ఎత్తుకున్న పాట

ఈ మాట ఎన్నో ఏళ్లుగా నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

డెబ్బైల చివర్లో వరంగల్ బజారులో మాకు బట్టల కొట్టు ఉండేది. కొట్టు వెనకే ఇల్లు. కోడళ్లం ఇద్దరం. నాకు పుట్టింటి నుంచే హార్మోనియం వచ్చు, పాటా వచ్చు. చుట్టుపక్కల ఎవరింట్లో వ్రతం జరిగినా నన్నే పిలిచేవారు. ఆ పేరు చూసుకుని కాస్త నిక్కుతూనే తిరిగేదాన్ని. మా పెద్ద తోటికోడలిని అక్కా అని పిలిచేదాన్ని. నలభై దాటాక ఆమెకు హార్మోనియం పెట్టె మీద మనసు పడింది. జర నేర్పవా అని సిగ్గుపడుతూ అడిగింది. నాలుగు రోజుల ముచ్చటే కదా అనుకుని సరేనన్నాను.

నేర్పడం మాత్రం సరిగానే నేర్పాను. పాటంతా గడగడా వాయించుకుంటూ పోవద్దని, తప్పిన చోటే ఆగి ఆ ముక్కనే నెమ్మదిగా సాధన చేయమని చెప్పాను. అక్షరాలా అలాగే చేసింది. పిల్లలు బడికి పోగానే కూర్చునేది. బియ్యం ఏరుతూ చేట అంచు మీద కూడా వేళ్లాడించేది. ఏడాది తిరిగేసరికి ఒక పాట నా చేతిలో కంటే ఆమె చేతిలోనే మెత్తగా పలికింది. మా అత్త వంట వదిలేసి వచ్చి గడప మీద కూర్చుని విన్నది. నేను వాయించినప్పుడు అత్త ఏనాడూ పని ఆపలేదు. అంతే. నేను చేసినదానికి కారణం అంత చిన్నది.

శ్రావణమాసం వ్రతానికి బజారు ఆడవాళ్లంతా మా ఇంటికి వచ్చారు. అక్క వాయించాలి, నేను పాడాలి. ఆమెకు ఆ పాట ఒక్క శ్రుతిలోనే వచ్చు. శ్రుతి మారితే నొక్కే మెట్లన్నీ మారిపోతాయి, వేళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. ఆ పాఠం దాకా మేమింకా రాలేదు. ఆమె శ్రుతి ఇచ్చేలోపే నేను ఒక మెట్టు పైనుంచి పాట ఎత్తుకున్నాను. కావాలనే.

ఆమె ఏ మెట్టు నొక్కినా నా పాటకు కలవలేదు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఏం చేయాలో చెప్పమన్నట్టు నా వైపు చూసింది. నేను కళ్లు మూసుకుని భక్తిగా పాడుతున్నాను.

అందరూ వెళ్లాక, చాపలు చుడుతూ అడిగింది:

"నేనేడ తప్పిన చెల్లె? జర చెప్పు. గా ముక్కనే మల్ల వాయించుకుంట."

"ఒక్కకాడైతే చెప్పకపోదునా అక్కా. మొత్తం తప్పే పాయె. గీ వయసుల వేళ్లెక్కడ తిరుగుతయ్?"

తల ఊపింది. నమ్మింది. నేను గురువును కదా, ఎందుకు నమ్మదు? తెల్లారి పెట్టెను శుభ్రంగా తుడిచి నా గదిలో పెట్టింది. మళ్లీ ముట్టలేదు.

ఒక్క పాట ఆమెదైతే నాకేం తగ్గేది? ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆ పూట ఎలాగో జరిగిపోయిందనుకున్నా, ఆ తర్వాత ఒకే వంటింట్లో గడిచిన అన్ని రోజుల్లో ఒక్కరోజైనా నోరెందుకు రాలేదు?

ఎనభైలలో ఆమె దవాఖానాలో ఉన్నప్పుడు పక్కన నేనే ఉన్నాను. "మా చెల్లె మంచిగ పాడ్తది. నాకే పెట్టె రాలే," అని నర్సుతో నవ్వుతూ చెప్పింది. అప్పుడూ చెప్పలేదు. దుప్పటి సర్దాను. ఆ మంచం మీదే పోయింది.

దీనికి మాఫీ లేదు. అడగడం లేదు కూడా. ఆమె వినవలసిన మాట మీరు విన్నారు, అది న్యాయం కాదని తెలుసు. అయినా పైకి అంటుంటే ఊపిరి కాస్త ఆడుతోంది. ఆమె ఎక్కడా తప్పలేదు. మా అక్కకు హార్మోనియం వచ్చు.