నీళ్ళు కుదిర్చిన వియ్యం

సముద్రంలో తిరిగే చేప ఎవరిది? గుడ్డు పెట్టిన ఒడ్డుదా, పెరిగిన ఒడ్డుదా, వలలో పడ్డ ఒడ్డుదా? ఇన్నేళ్ళు ఆలోచించినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. దీనితోనే పొద్దున లేచి, దీనితోనే రాత్రి పడుకున్న మనిషి ఒకావిడ ఉండేది. ఊళ్ళో ఆమెను గుడ్లక్క అనేవారు.

కోళ్ళు పెంచేదనుకునేరు. ఆమె పని చేపల పరిశోధనశాలలో. శాల అంటే పెద్ద మాట, రేవును ఆనుకుని రెండు గదులు, అంతే. కిటికీ పక్కన బల్ల, బల్లమీద మైక్రోస్కోపు, గోడ పొడుగునా మూత బిగించిన సీసాలు. సన్నటి జాలిసంచీతో సముద్రాన్ని వడకట్టి తెచ్చిన నీళ్ళు ఆ సీసాల్లో ఉండేవి. వాటిని కొంచెం కొంచెంగా గాజుపళ్ళెంలో పోసి, అద్దంలోంచి చూస్తూ, చేప గుడ్లను సూదిమొనతో ఒక పక్కకు నెట్టాలి. ఆవగింజలో సగం ఉండవు. అద్దం కింద మాత్రం గాజుపూసల్లా మెరుస్తాయి. బియ్యంలో రాళ్ళేరడం వచ్చినవాళ్ళకు ఇదీ వస్తుంది, కాకపోతే ఇక్కడ రాళ్ళే కావాలి, బియ్యం పారబోయాలి.

సాయంత్రం కళ్ళు నులుముకుంటూ ఇంటికి వస్తే తమ్ముడి భార్య గుమ్మంలోనే అందుకునేది.

"వదినా, ఇవాళ ఎన్ని పొదిగావు?"

"పొదగడం నా వల్ల కాదమ్మా. రోజంతా ముఖం ముడుచుకుని కూర్చునేవాడు నీ మొగుడున్నాడుగా, వాణ్ణి పొదగమను."

ఆ ముఖం ముడుచుకునే తమ్ముడికి పడవ ఉంది. అంతకంటే ముఖ్యం, మాట ఉంది. అతను ఎటు వెళితే రేవులో మిగతా పడవలూ అటే. రేవు పక్కన సముద్రం లోపలికి ఒంగిన చోటును అందరూ వంపు అంటారు. గుడ్లు పెట్టడానికి తల్లిచేపలు ఏటా అక్కడికే చేరతాయి. ఆ కాలంలో అక్కడ వల వేస్తే పడవ నిండుతుంది, మర్నాటికి సముద్రం ఖాళీ అవుతుంది. అక్క పోరగా పోరగా తమ్ముడు ఆ కాలంలో వల వేయకుండా వంపును మూశాడు. అతణ్ణి చూసి అందరూ మూశారు.

"గుడ్లు ఇక్కడే ఉండి మన చేపలే అవుతాయా?" అని అతను మొదట్లోనే అడిగాడు. అవుతాయని ఆమె గట్టిగా చెప్పింది. పాత పెట్టెల చెక్కను బిళ్ళలుగా కోయించి, ఎర్రరంగు వేసి, గుడ్లకు మారుగా వంపులో వదిలితే, దాదాపు అన్నీ ఆ ఒడ్డుకే తిరిగొచ్చాయి. బుట్టెడు బిళ్ళలు ఇంటికి మోసుకొచ్చి తమ్ముడి ముందు కుమ్మరించింది. "చూశావా? ఇల్లు దాటిపోలేదు!"

తర్వాతి ఏడు శాలకు కొత్తగా వచ్చిన ఆఫీసరమ్మ ఆమె పక్కన కూర్చుని ఒక మాట అడిగింది. "అక్కా, వీటిలో కళ్ళు వచ్చినవి ఏవీ?" గుడ్డులో పిల్ల పెరిగేకొద్దీ రెండు నల్లచుక్కలు కనిపిస్తాయి. వంపులోంచి వచ్చిన సీసాలన్నీ మళ్ళీ వెతికారు. అన్నీ అప్పుడే పెట్టిన గుడ్లు. చుక్కలున్నది ఒక్కటి లేదు. ఇక్కడే ఉంటే ఇక్కడే పెరగాలి కదా? అప్పుడు వెలిగింది ఇద్దరికీ. చెక్కబిళ్ళ సగం నీటి పైకి తేలుతుంది, గాలి దాన్ని ఒడ్డుకు తోసేస్తుంది. గుడ్డు నీళ్ళలో మునిగి ఉంటుంది, దాన్ని గాలి తోయలేదు. అది నీటి వెంటే పోతుంది.

ఈసారి కర్రలకు అడుగున బట్ట తెరలు కట్టారు, నిలువుగా మునిగేలా రాయి వేలాడదీశారు, కొసన ఫోన్ నంబరు రాసి వదిలారు. కొన్నాళ్ళకు దూరపు రేవు నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"మీ గొడుగొకటి మా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. బట్ట బాగుంది, ఉతికి ఆరేశాను. మళ్ళీ కావాలంటారా ఏమిటి?"

ఆ సాయంత్రమే తమ్ముడికి చెప్పింది. అతను వల బాగుచేసుకుంటూ తల ఎత్తకుండా విన్నాడు.

"అంటే మనం నోరు కట్టుకుని కూర్చుంటే, అక్కడెవరి పొయ్యో వెలుగుతోంది."

"వంపు బయట వెంట్రుకంత పిల్లలు దొరికాయిరా. అవి ఇక్కడ పుట్టినవి కావు. మనకు ఎగువన ఎవరి గుడ్లో దారిలో పిల్లలై మన దగ్గరికి వస్తున్నాయి."

"రానీ. మూసినా వస్తాయి, తెరిచినా వస్తాయి. ఇంక మూయడం దేనికక్కా?"

అతను అడిగినదానిలో తప్పేముంది? గుడ్లు పెట్టే కాలం గుమ్మం ముందే ఉంది. అతను వంపు తెరిస్తే అందరూ తెరుస్తారు. ఆ తల్లిచేపలు మిగలవు.

"పద," అన్నాడు చివరికి. "ఆ బట్ట ఉతికినావిడ ముఖం చూసొద్దాం. మన సొత్తు తినేదెవరో తెలిశాకే తెరుద్దాం."

మర్నాడు బస్సెక్కారు. ఆ రేవులో రేకుల షెడ్డు కింద, చేపలు వేరుచేసే ఆడవాళ్ళకు పెద్ద, ఆ ఫోన్ చేసినావిడే. తమ్ముడు పలకరింపైనా లేకుండా ఆమె బుట్టలోకి తొంగి చూశాడు. సగం కూడా ఎదగని చేపలు.

"ఇంత పసివాటినా పట్టేది?"

"నా బుట్టమీద నీ పెత్తనమేంటయ్యా?"

"అవి మావి!"

"ఓహో. పేరు రాసి పంపావా?"

షెడ్డంతా గొల్లుమంది. గుడ్లక్క మధ్యలోకి వచ్చి, తాము మూసిన వంపు గురించి, నీటి దారి గురించి, ఆ గొడుగు గురించి నిదానంగా చెప్పింది. పెద్దావిడ చేతిలో కత్తి ఆపి, చివరిదాకా విన్నది.

"రెండేళ్ళ నుంచి పిల్లచేప బాగా కనబడుతుంటే ఎందుకా అనుకున్నాం," అన్నది. "అయితే మీరు పిల్లనిచ్చినవాళ్ళన్నమాట! ముందే చెప్పొద్దూ? లోపలికి రండి అన్నయ్యగారూ. వదినగారూ, మీరూ."

తమ్ముడు నవ్వలేదు. కానీ భుజాలు కొంచెం వెనక్కి వెళ్ళాయి. "రెండేళ్ళ నుంచే కదా? వంపు మూసింది అప్పుడే. మూసింది నేనే."

"మరి ఈ ఏడు?"

గుడ్లక్క చీరకొంగు పిడికిట్లో బిగించింది. తమ్ముడు బుట్టకేసి, ఆవిడకేసి చూశాడు.

"పిల్లనిచ్చినవాళ్ళం, మేం మాట తప్పుతామా? ఈ ఏడూ మూస్తాం. కానీ మా పిల్లల్ని చూసుకునే తీరు ఇదేనా? మీ వల కన్ను చూడు, దోమ కూడా తప్పించుకోదు! పెద్దది చేయాలి."

"పెట్టుపోతలు అయ్యాక షరతులా? ఎంత పెద్దది?"

అతను రెండు వేళ్ళు చూపించాడు. ఆవిడ ఒక వేలు మడిచింది. ఎవరో వల తెచ్చి ఇద్దరి మధ్య పరిచారు.

"మరి మా చేపల గుడ్లు ఎటు పోతాయి వదినగారూ?" అని ఆవిడ మధ్యలో తల తిప్పింది.

"ఇంకా దిగువకు."

"అయితే నాకూ ఉన్నారన్నమాట, ముఖం చూడని వియ్యాలవారు! వాళ్ళేం తగలేస్తున్నారో చూసిరావాలి," అని మళ్ళీ వలమీదికి ఒంగింది.

ఇద్దరూ ఆ వలను పట్టుకుని వెలుతురుకేసి ఎత్తారు. ఒకరినొకరు మాట్లాడనీయడం లేదు. షెడ్డులో వాళ్ళంతా రెండు పక్షాలై తలా ఒక మాట అందిస్తున్నారు. గుడ్లక్క కాసేపు స్తంభానికి ఆనుకుని చూసింది. ఇంత కడుపునిండిన పోట్లాట ఆమె ఎప్పుడూ వినలేదు. రోడ్డుమీద తిరుగు బస్సు హారన్ కొట్టింది. తమ్ముడు తర్వాతి బస్సుకు వస్తాడు, లేదా రేపు వస్తాడు. వెళ్ళొస్తానంటే బేరం ఆగిపోతుంది, కూర్చోమంటారు. ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టి, చప్పుడు చేయకుండా షెడ్డు దాటి, బస్సెక్కింది.