లైవ్‌లో నడిపిన కిందటేటి జాతర

గంగమ్మ జాతర లైవ్‌లో ఏడు నిమిషాల పాటు నేను పాత వీడియో నడిపాను. ఆ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

మూడేళ్ల కిందటి మాట. పోర్ట్‌బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో నాది చిన్న వీడియో షాపు. కరోనా తరువాత దేశదేశాల్లో గుడి, చర్చి, మసీదు అన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి. నాకు ఆదివారం ప్రార్థనా పనే, జాతరా పనే. మా పెద్దలు వదిలి వచ్చిన శ్రీకాకుళం తీరంలోని చుట్టాలు మా జాతర చూస్తూ ఫోన్‌కే హారతి ఇస్తారు.

ఆ ఏడు ఘటం ఎత్తే వంతు సంధ్యది. ఘటం అంటే అమ్మవారిగా కొలిచే పసుపు కుండ. ఏటా ఒక ఇంటి ఆడపడుచు దాన్ని నెత్తిన పెట్టుకుని సముద్రం దాకా నడుస్తుంది. సంధ్య నానమ్మ అప్పలమ్మ తుంటి విరిగి, ఊరి అవతల బ్రూక్షాబాద్‌లోని ఇంట్లో మంచం మీద ఉంది. ముందే నాకు ఫోన్ చేసింది.

"ఒరే బాబూ, మా గుంట నెత్తి మీద అమ్మోరిని సూడాల. సరిగ్గా సూపించు."

ఘటం కదిలే వేళకు జనం కాళ్ల కింద కేబుల్ తెగింది. స్విచ్చర్‌కి, అంటే ఏ కెమెరా బొమ్మ బయటికి వెళ్లాలో ఎంచే పెట్టెకి, ఏమీ అందడం లేదు. లాప్‌టాప్‌లో కిందటేటి వీడియో ఉంది. అదే రేవు, అవే డప్పులు; ఘటం ఎత్తింది మాత్రం సంధ్య వాళ్ల పక్కింటి రాములమ్మ. నొక్కేశాను. మూలన 'లైవ్' అన్న ఎర్రక్షరాలు అలాగే ఉన్నాయి. కేబుల్ మార్చేసరికి ఘటం నీళ్లలో దిగిపోయింది.

దూరాన ఉన్నవాళ్లు పసిగట్టలేదు. అప్పలమ్మ పసిగట్టింది.

"ఎత్తింది రాములమ్మ కదే" అందట ఇంటికొచ్చిన మనవరాలితో.

"అరే నానమ్మా, సచ్‌మే నేనే!"

కళ్ల డాక్టరుకు చూపించారు. చూపు బాగానే ఉందన్నాడు. దాంతో అనుమానం బుర్ర మీదికి మళ్లింది. సంధ్య షాపుకొచ్చి, కెమెరా కార్డులో మిగిలిన అసలు వీడియో తీసుకెళ్లి నానమ్మకు చూపించింది. దాంతో ముసలమ్మకు మతి తప్పిందని అంతా ఖాయం చేసేశారు. అప్పుడైనా నేను నోరు విప్పలేదు. షాపు పేరు పోతుందని భయం.

నాలుగు నెలలకు సంధ్య నిశ్చితార్థం తీయడానికి వాళ్లింటికి వెళ్లాను. కర్ర పట్టుకుని నడుస్తున్న అప్పలమ్మ, పాయసంలో వేసే పంచదారను నాలుక మీద వేసుకుని చూసి కూడా కోడలిని పిలిచింది. "పంచదారే. అయినా నువ్వోపాలి సూడే. నా మాట నమ్మడానికి నేదు కదా."

కెమెరా దించి, అందరి ముందూ జరిగింది చెప్పేశాను.

"సూసినారా!" అని కర్ర నేలకేసి కొట్టింది అప్పలమ్మ. "రాములమ్మ బాతు నడక నాకు తెల్దేటి?"

"ఓలమ్మో, నా నడకేటి సేసింది నిన్ను?" అని వంట సాయానికొచ్చిన రాములమ్మే వంటింట్లోంచి అరిచింది. ఇల్లంతా నవ్వులు.

"భయ్యా, నీ వల్ల నానమ్మకి మతి కోసమని రోజూ బాదంపప్పులు తినిపించాం!" అంది సంధ్య.

"అవి మానకండి" అంది ముసలమ్మ. తరువాత నా వైపు తిరిగింది. "నాకు మతి పోనాదని సీకాకుళం దాకా తెలిసిపోనాది. ఎక్కడ సూపించినావో అక్కడే సెప్పు."

ఫోన్‌కి హారతి ఇచ్చే మనుషులు వీడియో చూస్తున్నారనుకునేవాణ్ని. వాళ్లు అమ్మవారిని చూస్తున్నారు. ఇప్పుడు కేబుల్ పోతే 'బొమ్మ ఆగింది' అని తెర మీద రాస్తాను.

తరువాతి జాతరలో ఘటం కదలకముందు కెమెరా నా వైపు తిప్పుకున్నాను. పక్క కుర్చీలో కొత్త చీర కట్టుకుని అప్పలమ్మ.

"కిందటేడు ఘటం ఎత్తింది సంధ్య. మీకు నేను చూపించింది అంతకుముందేటి వీడియో. అది కనిపెట్టింది అప్పలమ్మ ఒక్కతే. ఆమె కళ్లకీ, మతికీ ఏ లోపమూ లేదు, తప్పు నాది. పెద్దమ్మా, అందరూ వింటుండగా అడుగుతున్నాను, నన్ను క్షమించు."