ఆదిలక్ష్మమ్మ వంగని మోకాలు

ఆదిలక్ష్మమ్మకు ఏదీ నచ్చదు. ఆమె నోట "బాగుంది" అన్న మాట విన్నవాడు రాబర్ట్‌సన్‌పేటలో ఇంకా పుట్టలేదు. వాన కురిస్తే బురదంటుంది, కురవకపోతే దుమ్మంటుంది. పెళ్లిచూపుల్లో సవితను చూసి "ముక్కు ఇంగ కొంచెం ఉండాల్సింది" అని పెదవి విరిచి, సాయంత్రానికి తనే పంతులు దగ్గరికి పరుగెత్తి ముహూర్తం పెట్టించింది. వంక పెట్టిందంటే నచ్చినట్టేనని కోడలికి అర్థం కావడానికి చాలాకాలం పట్టింది.

అలాంటి మనిషికి మోకాలు మార్చారు. కొడుకు ఆనంద్ నలుగురినీ విచారించి, బాగా వంగుతుందన్న కొత్త రకం పెట్టించాడు. అదే వారం, కోలారులో అదే ఆస్పత్రిలో, పక్కింటి సౌభాగ్యమ్మకూ మోకాలు మార్చారు. ఆమెది సర్కారు కార్డు మీద వచ్చే మామూలు రకం.

తర్వాత సవితను వెంటబెట్టుకుని చూపించుకోవడానికి వెళ్తే డాక్టరు అడిగాడు. "కొత్త మోకాలికి పదికి ఎన్ని మార్కులిస్తారమ్మా?"

"నాలుగు."

డాక్టరు ముఖం వాడిపోయింది. "నొప్పి ఉందా?"

"లేదు."

"వంగడం లేదా?"

"వంగుతాది."

"మరి మార్కులెందుకు కోసేశారు?"

"పాతది నడిస్తే కటకటమనేది నాయనా. ఇది సద్దే చేయదు. కాలు నాదో కాదో అనుమానంగా ఉండాది."

సవితకు నవ్వాగలేదు. కానీ సౌభాగ్యమ్మది నవ్వే సంగతి కాదు. "నాది సాదా మోకాలు, ఇంతే వంగుతాది" అని మంచం పట్టేసింది. ఏ రకమైనా వంచితేనే వంగుతుందని, ఇప్పుడు వదిలేస్తే బిగుసుకుపోతుందని డాక్టరు మొత్తుకున్నా చెవిన పెట్టలేదు.

అప్పటినుంచి ఆదిలక్ష్మమ్మ మోకాలికి లేని రోగాలు మొదలయ్యాయి. పొద్దున లేస్తే కుంటుకుంటూ పక్కింటికి పోవడం, గుమ్మంలోనే శాపనార్థాలు.

"కొత్త రకమంట, నా బొంద! కట్టె మాదిరి ఉండాది. నీదే నయమే, సౌభాగ్యా. ఏదీ, వంచు చూస్తాం."

"ఇంతే వస్తాది అక్కా."

"చూసినావా! నాది అంత కూడా రాదు. ఇంగ కొంచెం వంచు, కుళ్లుకుంటా."

ఆ సణుగుడు నిజమేననుకుని ఆనంద్ దిగులు పడిపోయాడు. సవితకూ బెంగ పట్టుకుంది. ఒకరోజు ఆమె స్కూలు నుంచి తొందరగా వచ్చి గేటు తీసేసరికి, పీట మీద కాళ్లు మడుచుకుని అనపకాయలు ఒలుస్తున్న అత్తగారు ఒక్క గెంతులో కుర్చీ ఎక్కి "అయ్యో దేవుడా" అని మూలిగింది. తలెత్తి చూసి, "నువ్వా! సౌభాగ్య అనుకుంటిని" అని మళ్లీ పీట మీదికి దిగింది.

"అత్తా! ఇదంతా నాటకమా?"

"నోరు ముయ్యే. నాది మేలని తెలిస్తే అది మళ్లీ మంచమెక్కుతాది. నా మోకాలి గొప్ప ఎవురికి కావాల? అది లేచి తిరిగితే చాలు."

ఈ సణుగుడు మనిషి మీద సవితకు ఎక్కడలేని ప్రేమ పొంగుకొచ్చింది. ఏదో అనబోయేలోగా సౌభాగ్యమ్మ రానే వచ్చింది, చేతికర్రను చంకలో పెట్టుకుని, చకచకా మెట్లెక్కి.

"అక్కా, సంతకు పోదాం రా. నాకింగ ఈ కర్ర వద్దు. పాపం, నువ్వు పెట్టుకో."

ఆదిలక్ష్మమ్మ కళ్లు మెరిశాయి. కర్రను అటూ ఇటూ తిప్పి చూసి, "పొట్టిగా ఉండాది" అంది.

ముందు సౌభాగ్యమ్మ చేతులూపుకుంటూ, వెనక ఆదిలక్ష్మమ్మ కర్ర పోటేసుకుని మూలుగుతూ బయల్దేరారు. సవిత పరుగున పోయి అత్తగారి చెవిలో చెప్పింది. "అత్తా, ఆపరేషన్ అయింది కుడికాలికి. మీరు ఎడమకాలు కుంటతాండారు."

"ముందే చెప్పొద్దా?" అని కోడల్ని కసిరి, ఆదిలక్ష్మమ్మ కాలు మార్చి కుంటడం మొదలుపెట్టింది.