ప్రశ్నలే ఉన్న నోటుబుక్కు

మా అక్క కూతురు పుస్తకం తెరిస్తే గదంతా స్పిరిట్ వాసన. పసుపు, గులాబీ, ఆకుపచ్చ పెన్నులతో ప్రతి పేజీనీ హోలీ ఆడినట్టు పూసి, "చదువుడు అయిపోయింది చిన్నమ్మా" అంటుంది. మొన్న గద్వాలలో ఒక కోచింగ్ సెంటరాయన తల్లిదండ్రులను పిలిచి, పల్లె పిల్లలకు నోట్సు రాసుకోవడమే తెలియదని, తాము నేర్పుతామని మైకులో చెప్పాడు. వెనక కుర్చీలో కూర్చున్న నాకు ఒళ్లు మండింది. మాకు తెలుసు. ఎట్లా తెలిసిందో ఇంతవరకు ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

మాది ఇటిక్యాల దగ్గరి పల్లె. వానలు పడి నల్లరేగడి కాళ్లకు చెప్పుల్లా అంటుకునే రోజుల్లో, జొన్నరొట్టె మీద పల్లీల కారం వేసుకొని గట్టు మీద తింటుంటే చుట్టూ సీడు పత్తి, అంటే కంపెనీకి విత్తనాల కోసం వేసిన పత్తి, పూసి ఉండేది. ఆడవిగా ఎంచిన మొక్కల మొగ్గలను సాయంత్రం గోటితో గిల్లి, లోపలి పుప్పొడి కాడలు తీసేసి, ఎర్రదారంతో గుర్తు పెట్టడం అమ్మ పని. తెల్లారి పూలు విచ్చాక మగ సాళ్ల పూలు తెంపి, దారం కట్టిన పూల మీద పుప్పొడి రుద్దడం నాదీ సువార్తదీ. సువార్తది నా వయసే. అమ్మానాన్నలు పుణెకు కూలికి పోతే అవ్వ దగ్గర ఉండిపోయింది, ఏడో తరగతితో బడి మానేసి మా చేనుకు కూలికొచ్చేది. నేను రోజూ మొదటి పీరియడ్ పోగొట్టుకొని, జిగురు చేతులతోనే పదో తరగతికి పరుగెత్తేదాన్ని. అర్ధసంవత్సరం పరీక్షలో ఒక్క సబ్జెక్టు పోయినా బడి బంద్ అని నాన్న ముందే చెప్పాడు.

సాయంత్రం బడి విడిచాక లైబ్రరీ. పాత కాగితాల వాసన, పైకప్పు మీద వాన చప్పుడు, ఒకటే గది. హామీ సంతకం పెట్టే ఉద్యోగస్తులు మావాళ్లలో లేక నాకు పుస్తకం ఇంటికిచ్చేవాళ్లు కాదు. పేజీలకు పేజీలు ఎత్తిరాస్తుంటే లైబ్రేరియన్ చంద్రయ్య సారు నవ్వాడు.

"పుస్తకమంత మూటగట్టుకపోతవా ఏంది? రేపు నిన్ను నువ్వు ఏమడుగుతవో గదొక్కటి రాస్కో బిడ్డా."

అప్పటినుంచి ప్రశ్నలే రాశాను. తెల్లారి చేనులో నోటుబుక్కు చూసి ప్రశ్న గుర్తుచేసుకొని, సాలు ఇవతలి నుంచి జవాబు గట్టిగా చెప్పేదాన్ని. సాలు అవతల సువార్త ఉండేది. అది ఊరికే వినే రకం కాదు. "గట్లెందుకయితది?", "నిన్న ఇంకో తీరు చెప్పినవ్ కదనే?" అని పట్టుకునేది. చెప్పలేకపోతే సాయంత్రం మళ్లీ లైబ్రరీకి పోవాల్సిందే. ఒకరోజు, పుప్పొడి ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు గాలి, నీళ్లు, తేనెటీగల వల్ల చేరుతుందని చెప్పాను.

"అగో! మరి మనమేడ పోయినమే?" అంది సువార్త, పసుపు పుప్పొడి అంటిన వేళ్లు చూపించి.

బతుకమ్మ ముందు సైన్సు సారు నోట్సు దిద్దాడు. అందరూ గైడు చూసి రెండు రంగుల సిరాతో నింపిన నోట్సుల మధ్య నాది ప్రశ్నలతో, సగం తెల్లగా ఉంది.

"జవాబులేవమ్మా?"

"నోటికున్నయి సార్."

సారు అడిగాడు, నేను చెప్పాను. పుప్పొడి దగ్గరికొచ్చేసరికి గాలి, నీళ్లు, తేనెటీగలు అని, "ఇంకా మేము" అన్నాను. తరగతి గొల్లున నవ్వింది.

"గైడ్ల గిట్ల లేదు."

"శేన్ల ఉన్నం సార్."

సారు సంతకం పెట్టలేదు. పరీక్షలో కలిపే నోట్సు మార్కులు పోయాయి. "గైడు జూసి రాసియ్యరాదే మొండిదానా, బడి బోతది" అని అమ్మ బతిమాలింది. రాయలేదు. పరీక్షలో కూడా 'మేము' అనే రాశాను. దానికి ఎర్ర సిరాతో సున్నా పడింది. మిగిలిన జవాబులతోనే గట్టెక్కాను, బడి బంద్ కాలేదు. ఇంటర్ తర్వాత కాలేజీ ముఖం చూడకపోయినా చదవడం ఆపలేదు. నేను ఏం చదివినా లైబ్రరీ బల్ల మీదే చదివాను, అది చెప్పుకోవడానికి నాకేమీ చిన్నతనం లేదు. పుస్తకం మూసి చెప్పు. 'ఎందుకు' అని అడిగే మనిషికి చెప్పు. చెప్పలేనిది మాత్రమే మళ్లీ చదువు. దీనికి ఫీజు కట్టే పని లేదు.

ఆ లైబ్రరీ గది ఇప్పుడు లేదు, అక్కడ ఎరువుల దుకాణం షట్టరు ఉంది. చేన్లలో సాలు దాటి పాఠం అడిగే గొంతులూ లేవు; చెవుల్లో ఫోను పాటలు. సంతకం లేకున్నా లోపల కూర్చోనిచ్చిన చంద్రయ్య సారుకు, నా వంతు పని కూడా చేసి బడికి తరిమిన అమ్మ నర్సమ్మకు, మాట మీద నిలబడ్డ నాన్న హన్మంతుకు దండాలు. సువార్తకు కూడా. ఇది రాస్తున్నానని ఫోనులో చెబితే అంది: "నా పేరు రాస్తే రాయి గానీ, పాపం అని మాత్రం రాయకు."

రాయలేదు.