నా చీర కట్టుకున్న వేపమొక్క

నిరుటి ఎండలకు హడలిపోయి, జంషెడ్‌పూర్ గోల్‌మురిలో మా వీధి ఆడవాళ్లమంతా కలిసి వేపమొక్కలు నాటాం. మేకలు మేసేయగా మా గుమ్మం ఎదుటిది ఒక్కటే మిగిలింది. దాని చుట్టూ కర్రలు పాతి, నా పాత ఎర్రచీర చుట్టి పుట్టింటికి వెళ్లాను.

రెండు నెలలకు తిరిగొచ్చి, మొక్క ఏపుగా ఎదిగిందని చీర విప్పబోయాను.

"ఏటమ్మా, అమ్మోరి చీర లాగేత్తన్నావు? ముందు చెప్పులిప్పు!" అని పక్కవీధి మామ్మ కేకేసింది.

చూస్తే మొక్క మొదట్లో పసుపు, కుంకుమ, అరటిపళ్లు! జనం మూగారు.

"అది నా చీర, మామ్మా!" అన్నా ఒక్కరూ నమ్మలేదు.

"పాప్ లగేగా, ఆంటీ!" అని మామ్మ మనవరాలు కూడా పాపం తగులుతుందని బెదిరించింది.

చేసేది లేక, చెప్పులు విప్పి నా చీరకు నేనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇప్పుడు మేక అటు చూస్తే చాలు, వీధంతా కర్రలతో వస్తోంది. ఈ వానలకు మళ్లీ మొక్కలు తెచ్చాం. బీరువాలో ఎర్రచీరలు వెతుకుతున్నాను.