ఫౌజులో గడ్డాలు గీసినాయన

సరిహద్దుల్లో సైనికుల గడ్డాలు వాటంతటవే రాలిపోతాయనుకుంటున్నారా? మా పద్మారావు నగర్ కాలనీ పెద్దలు అలాగే అనుకున్నట్టున్నారు.

మా వీధిలో సెలూన్ నడిపినాయన అంతకుముందు సైన్యంలోనూ ఆ పనే చేసి రిటైరయ్యాడు. ఎవరు ఎదురైనా నమస్కారానికి ముందే రెండు వేళ్లతో వాళ్ల గడ్డం పైకెత్తి చూసేవాడు. "చెవి కింద వదిలేసిన్రు సార్. పరేడ్‌ల అయితే సజా పడేది" అనేవాడు.

ఒక జెండా పండుగకు ఆయన్ని ముఖ్య అతిథిగా పిలిచారు. వేదిక దగ్గర కాలనీ సెక్రటరీ చెవిలో చెప్పాడు: "అన్నా, కమాండో అని చెప్పినం. జెర కటింగ్ ముచ్చట తియ్యకు, ఇజ్జత్ పోతది."

"ఎవరి ఇజ్జత్?" అంటూ ఆయన మైకు అందుకున్నాడు.

"నేను కమాండోను కాదు, ఫౌజుల మంగలిని. పెద్ద పెద్ద ఆఫీసర్ల గొంతు మీద కత్తి పెట్టిన. ఒక్కడు సుత కదల్లే. గంత నమ్మకం మీ సెక్రటరీ మీద ఎవరికన్న ఉన్నదా?"

జనం పడీపడీ నవ్వారు. సెక్రటరీ మాత్రం కప్పాల్సిన శాలువాను చంకలో పెట్టుకుని కిందికి దిగిపోయాడు. చంపినవాడికే సన్మానమట, గడ్డం గీసినవాడు కులవృత్తిని దాచుకోవాలట!

ఈసారి మాజీ సైనికుణ్ణి వేదిక ఎక్కిస్తే, ఎందరిని చంపావని అడగకండి. ఏం పని చేశావని అడగండి. ఏ జవాబు వచ్చినా శాలువా కప్పండి.