ఫోర్ అంటే ఏంటో తెలియక ముందు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నాకు చెవులు ఖాళీగా ఉంటే ఏదో పోగొట్టుకున్నట్టుండేది. గురజాల వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ట్రైనీ ఇంజనీరుని. అన్నం తింటూ పాటలు, పడుకుని పాటలు; ఇయర్‌ఫోన్లు తీసేది స్నానానికి వెళ్లేటప్పుడే (అదీ ఒక జత తడిసి పాడయ్యాక వచ్చిన బుద్ధి). మా జీఎం గారిని అందరం పెద్దసారు అనేవాళ్లం. ఆయనకు గోల్ఫ్ పిచ్చి. పాత క్వారీ పక్కన ఖాళీ నేల చదును చేయించి, అక్కడక్కడ గుంటలు తవ్వించి, జెండాలు పాతించి దాన్ని గోల్ఫ్ కోర్సు అనేవారు. గుంటల చుట్టూ మాత్రమే పచ్చగా ఉండేది, మిగతాదంతా తుమ్మచెట్లూ తెల్లటి దుమ్మూ. గొర్రెలు తోలుకుపోయేవాళ్లు కాసేపు ఆగి, ఇంత చిన్న బంతి కోసం ఇంత పెద్దమనుషులు అంత దూరం నడవడం ఏందా అని చూసి పోయేవాళ్లు.

ఒక డిసెంబరులో హెడ్డాఫీసు నుంచి ఒక సారు వచ్చారు. ట్రైనీల్లో ఎవర్ని పర్మనెంట్ చేయాలో, ఎవర్ని ఇంటికి పంపాలో తేల్చేది ఆయనే. ఆయనా గోల్ఫ్ ఆడతారని తెలియగానే పెద్దసారు ఆదివారం పొద్దున్నే ఆట పెట్టి, జట్టుకు మనుషులు చాలక నన్నూ, ల్యాబులో నా సీనియర్‌నీ రమ్మన్నారు. ఆ సీనియర్‌ని మేం సున్నం బావ అనేవాళ్లం (ఎప్పుడు చూసినా ఒళ్లంతా తెల్లటి పొడే). నా దురదృష్టం, అదే పొద్దున ఆస్ట్రేలియాలో మనవాళ్ల క్రికెట్ మ్యాచ్. కోర్సులో నెట్ రాదు, ఫోన్ మాత్రం పలుకుతుంది. శావల్యాపురంలో మా నాయనమ్మకు మ్యాచ్ ఉన్న రోజు టీవీయే లోకం. ఆమెకు ఫోన్ చేసి, "నువ్వు చూస్తా చెప్పు, నేను వింటా ఉంటా" అని ఒప్పించాను. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, చలి వంకతో పైన మంకీ క్యాప్ లాక్కున్నాను.

దారిలో జీపులో సున్నం బావ మర్యాదలు చెప్పుకొచ్చాడు. "ఒరేయ్, ఎవరన్నా కొట్టేటప్పుడు మాట్టాడమాక, కదలమాక. వాళ్లు కొట్టకముందే ముందుకు నడవమాక. ఇంకోటి, అన్నిటికంటే ముఖ్యం..." ఆ ముఖ్యమైంది అతను చెబుతుండగానే చెవిలో నాయనమ్మ "టాసు మనదేరా!" అంది. నేను అంతా విన్నవాడిలాగా తలాడించాను.

నాయనమ్మతో చిక్కేమిటంటే, అవతలివాళ్లు పలక్కపోతే ఫోన్ కట్టయిందనుకుంటుంది. మొదటి గుంట దగ్గర పెద్దసారు, దానికి మూరెడు దూరంలో ఉన్న బంతి మీదికి వంగారు. అందరం ఊపిరి బిగబట్టాం.

"ఉండావంట్రా?" అంది నాయనమ్మ. "ఏందిరా, ఉండావా పోయావా?"

"ఉండా!" అన్నాను, కాస్త గట్టిగానే.

పెద్దసారు ఉలిక్కిపడ్డారు. బంతి గుంటను పలకరించకుండా పక్కనుంచి వెళ్లిపోయింది. ఆయన నిదానంగా లేచి, "నువ్వు ఉన్నావా లేవా అని ఎవరయ్యా అడిగింది?" అన్నారు. "ఎవరూ లేదు సార్" అన్నాను. హెడ్డాఫీసు సారు దగ్గుతూ నవ్వు దాచుకున్నారు. అప్పుడే ఫోన్ కట్టేసి ఉండాల్సింది. కానీ సరిగ్గా అప్పుడే మనవాళ్లు బాదడం మొదలుపెట్టారు.

తర్వాత నా బంతి తుమ్మపొదల్లోకి పోయింది. వెనక హెడ్డాఫీసు సారు ఇంకా కొట్టలేదన్న ధ్యాస లేకుండా, నాయనమ్మ చెప్పే ఓవరు వింటూ దాన్ని వెతుక్కుంటూ ముందుకు నడిచాను. ఆయన కొట్టిన బంతి దారితప్పి నా మీదికే వచ్చింది. "ఫోర్!" అని ఆయన అరిచారు. "ఫోర్! ఫోర్!" అని సున్నం బావా అరిచాడు. గోల్ఫులో ఆ కేకకు బంతి మీదికొస్తోంది, తల కాచుకో అని అర్థం. జీపులో నేను వినకుండా వదిలేసింది అదే. నాకు తెలిసిన ఫోర్ ఒక్కటే. రెండు చేతులూ పైకెత్తి, "ఎవరు కొట్టారు?" అని గంతేసి వెనక్కి తిరిగాను. బంతి వచ్చి భుజానికి తగిలింది. కూలబడ్డాను. ఫోన్ ఎగిరి దుమ్ములో పడింది.

సున్నం బావ పరుగెత్తుకొచ్చి దాన్ని తీసి, కంగారులో స్పీకరు నొక్కాడు.

"అబ్బాయా! ఏందా అరుపులు? ఎవురు కొట్టారు?"

"నేనేనమ్మా కొట్టింది" అన్నారు హెడ్డాఫీసు సారు. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"నువ్వెవురయ్యా? ఎదిగిన పిల్లోణ్ణి కొడతావేంది? తప్పు చేస్తే నోటితో చెప్పాల!"

"చేత్తో కాదమ్మా, బంతి తగిలింది."

"మరి వాడు తప్పుకోవద్దూ? అరిస్తే ఇనపళ్లా?"

"చెవిలో మీరున్నారు గదమ్మా."

నా ఉద్యోగం ఇక గోవిందా అనుకుని కళ్లు మూసుకున్నాను. అంతలో హెడ్డాఫీసు సారు గొంతు తగ్గించి, "స్కోరెంతమ్మా?" అన్నారు. నాయనమ్మ స్కోరుతో ఆగలేదు. ఎవరు ఎలా అవుటయ్యారో, ఎవరు నిలబడితే గెలుస్తామో విడమరిచి చెప్పింది. పెద్దసారు కూడా దగ్గరికొచ్చి చెవి ఒగ్గారు.

నరసరావుపేటలో ఎక్స్‌రే తీయిస్తే ఎముక విరగలేదన్నారు. కారులో నా పక్కన కూర్చున్న హెడ్డాఫీసు సారు ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి పెట్టి చూశారు. తర్వాత, "జానెడు పైకి తగిలుంటే తలయ్యా. ఆ పెద్దావిడకి నేనేం చెప్పేవాణ్ణి?" అన్నారు. అప్పటిదాకా లేని భయం నాకప్పుడు వేసింది. నన్ను ఇంటికి పంపలేదు గానీ పర్మనెంట్ చేయడం మాత్రం కొన్ని నెలలు వాయిదా వేశారు. కోర్సులోకి ఇయర్‌ఫోన్లు తేకూడదని పెద్దసారు గేటుకు బోర్డు పెట్టించారు. (దాని కింద ఎవరో సుద్దముక్కతో నా పేరు రాశారు. ఎవరో నాకు తెలుసు.)

ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను. నిజంగా గడ్డి ఉన్న కోర్సులో అప్పుడప్పుడూ ఆడతాను. నా బంతి ఇప్పటికీ చెప్పినమాట వినదు. అది పక్కకు తిరిగిందంటే మర్యాదకి ఫోర్ అనే అరవాలనుకుంటాను, నోట్లోంచి మాత్రం "ఒరేయ్, బంతొస్తంది, తల వంచండి!" అనే వస్తుంది. తెల్ల బూట్ల పెద్దమనుషులు నవ్వుకుంటారు. అయితే ఒకటి, అందరూ వంగుతారు.